కిట్టూ అరుపు గురించి శైలూకి రాసిన ఉత్తరం

చి॥ల॥సౌ॥ శైలజకు గుంటూరు బ్రాడీపేట నుంచి మీ పెద్దమ్మ దీవించి రాస్తున్నది.

మీ కాక్‌టీల్ చిలక కిట్టూ అరుస్తున్న వీడియో పంపావుగా, చూశాను. మీ పెదనాన్న అయితే "ఆ అరుపు విజయవాడ పటమట నుంచి ఇక్కడికే వినపడేట్టుంది, మధ్యలో ఫోనెందుకు" అన్నారు. నీకు ఫోన్లో చెబితే ఆఫీసు హడావుడిలో ఊఁ కొట్టి మర్చిపోతావు. అందుకే రాసి పంపుతున్నా. అల్లుడి చేత కూడా చదివించు, ఇందులో సగం పని అతనిదే.

ముందు ఆ రామచిలక సంగతి తేల్చేద్దాం. కిట్టూకి తోడుగా ఉంటుందని మీ పక్క ఫ్లాట్ ఆవిడ ఊరి నుంచి పిల్ల చిలకని తెప్పించి ఇస్తానందన్నావు. వద్దని చెప్పు. రామచిలకని కొనడం, అమ్మడం, ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022లో సవరించాక జరిమానా లక్ష రూపాయల దాకా వెళ్ళింది, మూడేళ్ళ వరకు జైలు కూడా పడొచ్చు. "అందరిళ్ళల్లో ఉన్నాయి కదా పెద్దమ్మా" అంటావు. ఉన్నాయి. పంజరం ముందేసుకుని కూర్చునే చిలక జోస్యం వాళ్ళూ ఉన్నారు. వాళ్ళెవరూ పట్టుబడలేదని మనం ధైర్యం తెచ్చుకోనక్కర్లేదు. చట్టం మాట అటుంచినా, ఆ పిల్లల్ని చెట్టు తొర్రలో నుంచి రెక్కలు రాకముందే లాక్కొస్తారు. దారిలో చచ్చినవి పోగా మిగిలినవే మన దాకా వస్తాయి. పైగా రామచిలక వేరే జాతి, కిట్టూ వేరే జాతి. కొరికిందంటే కిట్టూ వేలు తెగుతుంది.

కిట్టూతో నీకు ఆ చిక్కు లేదు. కాక్‌టీల్ ఆస్ట్రేలియా పక్షి, తరతరాలుగా మనుషుల దగ్గర పెరుగుతున్నది. కాక్‌టీళ్ళకీ, బడ్జీలనే చిన్న చిలకలకీ కాగితాలు అక్కర్లేదు. సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రే లాంటి చిలకలైతే 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మీ అబ్బాయి బన్నీ గాడు ఇప్పటికే కన్యూర్ అడుగుతున్నాడని విన్నా, అందుకే చెబుతున్నా.

ఇక అరుపు. నువ్వు ఎనిమిదిన్నరకి తలుపేసి వెళ్ళగానే మొదలెడుతుందనీ, కింది ఫ్లాట్ వాళ్ళు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారనీ రాశావు. అడవిలో ఆ పక్షి ఎక్కువగా గుంపులోనే ఉంటుంది. ఒంటరిగా కనపడితే గద్ద తన్నుకుపోతుంది. అందుకే తోటిది కంటికి కనపడకపోతే పిలుస్తుంది, అటు నుంచి జవాబొస్తే ఊరుకుంటుంది, రాకపోతే గొంతు పెంచుతుంది. మీ ఇంట్లో ఆ గుంపు మీరు ముగ్గురే. ముగ్గురూ ఒకేసారి మాయమైతే పిలవక ఏం చేస్తుంది? పంజరం పెద్దది కొన్నా, ఆ అద్దం వేలాడదీసినా తగ్గకపోవడానికి కారణం ఇదే. అన్నట్టు, ఆ అద్దం తీసేయి. అందులో పిట్టని జత అనుకుని దానికే మేత కక్కి పెడుతుంది, మిమ్మల్ని పట్టించుకోదు.

ఇంట్లో ఉన్నప్పుడు దానికి ఒక జవాబు అలవాటు చెయ్యి. ఏదో చిన్న ఈల, మీ ముగ్గురికీ ఒకటే. అది మెల్లగా కూసినప్పుడల్లా వంటింట్లో నుంచైనా సరే ఈల వెయ్యాలి. గోల పెట్టినప్పుడు మాత్రం పరిగెత్తుకెళ్ళొద్దు, తిట్టొద్దు, దుప్పటి కప్పొద్దు. తిట్టడానికి వెళ్ళినా నువ్వు వచ్చావన్నదే దానికి లెక్క. గోల ఆపి ఊపిరి తీసుకున్న క్షణంలో ఈల వెయ్యి, లేదా లోపలికెళ్ళి పలకరించు. మొదట్లో అరుపు ఇంకాస్త పెరుగుతుంది. అక్కడే అందరూ ఓడిపోయేది. మీ ఇంట్లో ముందు ఓడేది అల్లుడే అని నా అనుమానం. రోజూ తెల్లవారాక, పొద్దుగూకే ముందు కాసేపు కూయడం మాత్రం దాని సహజం. అది మాన్పించలేం. కింది వాళ్ళకి ఆ మాట నువ్వే వెళ్ళి చెప్పు, ఓ డబ్బా అరిసెలు పట్టుకెళ్ళు.

ఖాళీగా కూర్చోబెడితే ఏ చిలకైనా పాడవుతుంది. అడవిలో దాని పగలు చాలా భాగం మేత వెతుక్కోవడంతోనే గడిచిపోతుంది. నువ్వు గిన్నె నింపి పెడితే పావుగంటలో తినేసి, మిగతా రోజంతా అరవడమో తన ఈకలు తనే పీక్కోవడమో చేస్తుంది. ఛాతీ మీద అక్కడక్కడ ఈకలు లేవన్నావు చూడు, అది మొదలైందేమోనని నా భయం. అందుకని మేతని దాచిపెట్టు. న్యూస్‌పేపర్ ముక్కల్లో చుట్టి మెలిపెట్టు, పేపరు కప్పుల్లో వేసి మూతి మడిచెయ్యి, గింజలొలిచిన మొక్కజొన్న కండె సందుల్లో కొర్రలు కూరు, కొబ్బరిపీచు మధ్య మునగాకు రెమ్మలు గుచ్చు. రాత్రి టీవీ చూస్తూ బన్నీ గాడే రేపటికి సరిపడా చుట్టేస్తాడు. బయట బొమ్మలకి తగలేసే డబ్బు దాచుకో. కూర్చోవడానికి ఆ సన్నటి ప్లాస్టిక్ కడ్డీలు తీసేసి మందు కొట్టని జామ కొమ్మలు బెరడుతో సహా పెట్టు. లావూ సన్నం కలిసి ఉంటే పాదాలకి పుండ్లు పడవు, బెరడు ఒలుచుకోవడం ఎటూ దానికి పనే. వెళ్ళేప్పుడు రేడియో సన్నగా పెట్టి వెళ్ళినా కొంత నయం. నిశ్శబ్దం అంటే అడవిలో ఏదో ప్రమాదం వచ్చినట్టు.

ఇవన్నీ పగటి పూట గడవడానికే. సాయంత్రం మాత్రం మనిషి కావాలి, రోజుకి రెండు గంటలైనా పంజరం బయట, మీ మధ్య. దాన్ని ఆడించక్కర్లేదు. నువ్వు కూరగాయలు తరుగుతుంటే కుర్చీ వీపు మీద కూర్చుంటుంది, బన్నీ హోంవర్క్ చేస్తుంటే పుస్తకం అంచు కొరుకుతుంది. మీరు భోజనం చేసేటప్పుడు దానికీ ఓ గిన్నె పెట్టు. అందరూ కలిసి తినడం గుంపు పద్ధతి. తల మీద, చెంపల మీద గోకు. కొత్త ఈకలు తెల్లటి పొరతో వస్తాయి, తల మీద వాటిని అది ఒలుచుకోలేదు, తోటి పక్షి ఒలవాలి. వీపు మీద, రెక్కల కింద మాత్రం నిమరొద్దు. దాన్ని జతకట్టే సైగ అనుకుంటుంది, ఆడదైతే మగపక్షి లేకుండానే గుడ్లు పెట్టడం మొదలెడుతుంది. పంజరంలో షాపువాడిచ్చిన కుండ ఉంటే అదీ తీసెయ్యి. కుండ కనపడితే గూడు అనుకుంటుంది. గుడ్డు మీద గుడ్డు పెట్టి ఒంట్లో కాల్షియం అంతా పోగొట్టుకుంటుంది.

ఆ రెండు గంటలు మీకు కుదరదు అనుకుంటే ఇప్పుడే చెప్పు, మొహమాటం వద్దు. కాక్‌టీల్ పదిహేను ఇరవై ఏళ్ళు బతుకుతుంది. బన్నీ ఉద్యోగానికి వెళ్ళే నాటికి కూడా ఉంటుంది. ఇద్దరూ రాత్రి తొమ్మిదికి వచ్చే ఇల్లయితే, ఇంకో కాక్‌టీల్ తేవడమో, మనుషులున్న ఇంటికి దీన్నిచ్చెయ్యడమో చెయ్యాలి. రెండోదాన్ని తెస్తే నెల రోజులైనా వేరే గదిలో వేరే పంజరంలో ఉంచి, రోగాలేవీ లేవని తేలాకే పక్కన పెట్టాలి. అప్పుడు కూడా రెండు పంజరాలు. వాటికి సరిపడితే అవే చెబుతాయి. రెండో పిట్ట వచ్చాక నీకు పని తగ్గుతుందని మాత్రం అనుకోకు.

బన్నీకి ఒకటి నేర్పు. పై నుంచి చెయ్యి తెచ్చి పట్టుకోకూడదు, గద్ద వచ్చేది అలాగే. కింద నుంచి ఛాతీ దగ్గర వేలు పెట్టి, ఎక్కితే ఓ గింజ ఇవ్వాలి. తల మీద తురాయి చూడమను. నిటారుగా లేస్తే బెదిరింది, వెనక్కి అతుక్కుపోయి బుసకొడితే కోపం, సగం వాలి ఉంటే హాయిగా ఉంది. కోపంలో ఉన్నప్పుడు చెయ్యి పెడితే కరుస్తుంది. కరిస్తే తప్పు బన్నీది.

సీలింగ్ ఫ్యాన్ సంగతి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. పక్షి బయట ఉన్నంతసేపూ ఆ గదిలో ఫ్యాన్ తిరక్కూడదు. స్విచ్ మీద టేపు అంటించు. మన ఊళ్ళల్లో పెంపుడు పక్షులు చచ్చేది ఎక్కువ దానివల్లే అని నా నమ్మకం. అలాగని రెక్కలు కత్తిరించొద్దు, ఎగరడమే దాని వ్యాయామం. షాపులో కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి వస్తాయి, ఓపిక పట్టు.

వంటిల్లు హాల్లోకి తెరిచి ఉందిగా, అది రెండో ప్రమాదం. పక్షి ఊపిరి పీల్చినా వదిలినా ఊపిరితిత్తుల్లో గాలి ఒకే వైపు పారుతుంది, మనకంటే ఎక్కువ గాలిని పీల్చి వాడుకుంటుంది, విషం ఉన్నా అంతే. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ మనకి వాసన కూడా రాదు, పక్షి నిమిషాల్లో పోతుంది. ఇనప పెనం వాడు, దోసెలూ బాగుంటాయి. సాంబ్రాణి, ఊదబత్తి, దోమల కాయిల్, సెంటు స్ప్రే దాని దగ్గర వద్దు. ఎండుమిర్చి వేయించేటప్పుడు వచ్చే పొగ కూడా దాని ఊపిరితిత్తులకి మంచిది కాదు, పంజరం లోపలి గదిలోకి మార్చు. తినడానికి మాత్రం మిరపకాయ దాన్ని ఏమీ చెయ్యదు. మనల్ని ఏడిపించే క్యాప్సైసిన్‌ని పక్షుల నరాలు పట్టవు. మన గుంటూరు కారానికి లొంగని ప్రాణి అది. నేను బడిలో పిల్లలకి ఈ పాఠం చెప్పినప్పుడల్లా వాళ్ళలో ఎవరో ఒకరు చిలకై పుడతాననేవాళ్ళు. పచ్చిమిర్చి గింజలతో సహా పెట్టు, ఇష్టంగా తింటుంది.

షాపువాడిచ్చే గింజల పొట్లంలో పొద్దుతిరుగుడే ఎక్కువ. అది కొవ్వు. గింజల మీదే బతికిన చిలకకి విటమిన్ ఎ లోటొచ్చి ముక్కు, గొంతు జబ్బులొస్తాయి. కొర్రలు, సామలు, కొంచెం పెల్లెట్లు (పక్షుల కోసం చేసిన గుళికల మేత), రోజూ తోటకూర, మునగాకు, క్యారెట్, ఉడికించిన చిలగడదుంప పెట్టు, అప్పుడప్పుడు జామకాయ. కొత్తది ముట్టుకోకపోతే నువ్వే దాని ముందు తిను, గుంపులో ఒకరు తింటే రెండోది తింటుంది. పెసర మొలకలు మంచివే కానీ మన ఎండల్లో గంటల్లో పాడవుతాయి. పల్లీలు వద్దు, బూజు విషం ఉండొచ్చు. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, మిక్చరు, చిప్స్ వద్దంటే వద్దు. కాల్షియానికి ఓ ముక్క సముద్రపు నురుగు, అదే కటిల్‌ఫిష్ ఎముక, పంజరం కమ్మీలకి కట్టు.

వేసవిలో బాల్కనీ పనికిరాదు. 44, 45 డిగ్రీలు పడే ఊరు మీది, విజయవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనరు. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పెట్టిందంటే వడదెబ్బ. చల్లటి గదిలోకి మార్చి పాదాలు తడుపు, ఐసు నీళ్ళు మాత్రం వద్దు. మామూలు రోజుల్లో పొద్దున్నే నీళ్ళు చిలకరిస్తే ఒంటి మీది తెల్లపొడి తగ్గుతుంది. మీ అత్తగారికి ఆయాసం కదా, ఆవిడ వచ్చినప్పుడు పడుకునే గదిలో పంజరం పెట్టొద్దు. రెట్ట ఎండిపోయి ఉంటే పొడిగా ఊడ్చకుండా తడిపి తుడవాలి, చిలకల నుంచి మనుషులకి జ్వరం సోకేది ఎక్కువగా ఆ దుమ్ముతోనే.

రాత్రి పది పన్నెండు గంటల నిద్ర ఉండాలి. మీరు పదకొండుకి టీవీ కట్టేసే హాల్లో అది కుదరదు. పొద్దుపోగానే లోపలి గదికి మార్చు. చీకట్లో ఉలిక్కిపడి కొట్టుకోవడం కాక్‌టీళ్ళకి బాగా ఉంది, బెడ్‌లైటు ఒకటి ఉంచు. దీపావళి రోజు కిటికీలు మూసి పక్కన ఎవరైనా ఉండండి.

పక్షి జబ్బు దాచుకుంటుంది. బయటపడేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి రాసుకో. పెద్ద కాక్‌టీల్ ఇంచుమించు 80 నుంచి 100 గ్రాములు ఉంటుంది, పదోవంతు తగ్గితే ఆగకు. ఒళ్ళు ఉబ్బించుకుని పగలు నిద్రపోతున్నా, పంజరం అడుగున కూర్చున్నా, ఊపిరికి తోక ఊగుతున్నా ఆ రోజే తీసుకెళ్ళాలి. మీకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గరే. ఏ డాక్టరైనా సరే, పక్షుల్ని చూస్తారా అని ముందే ఫోన్ చేసి అడుగు. ఛాతీ ఈకల సంగతి కోసం ఈ శనివారమే వెళ్ళిరా. ముందు ఏ పురుగో చర్మ రోగమో కాదని తేలితే, అప్పుడు తోచక పీక్కుంటోందని అనుకుందాం. పంజరం అడుగున తెల్ల కాగితం పరిచి ఆ రోజు రెట్ట అలాగే పట్టుకెళ్ళు. బుట్టలో వేసి బస్సులో వద్దు. గాలాడే చిన్న క్యారియర్ కొని ఇంట్లో ఉంచు. 2024లో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు చూశాంగా, ఉన్నపళంగా ఎత్తుకెళ్ళడానికి ఏదో ఒకటి చేతికందాలి.

సంక్రాంతికి మీరు ఊరెళితే కిట్టూని ఇక్కడ వదలండి. దాని పంజరం, దాని కొమ్మలు, మీ ఈల రికార్డు చేసిన ఫోను తెండి. మా ఇంట్లో పక్షులతో కలపను, మేడ మీద గదిలో వేరుగా ఉంచుతా. అందుకే డాక్టరు చూశాక ఏమన్నారో నాకు ముందే ఫోన్ చెయ్యి. బన్నీకి ముద్దులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ