లెదర్ సీట్లా, క్లాత్ సీట్లా? రెండూ వాడాక నా సలహా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కొత్త కారు కొంటున్నారు. కింది వేరియంట్‌లో క్లాత్ సీట్లు, పై వేరియంట్‌లో లెదర్. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న మీ నాన్నగారు. పగలంతా కారు ఎండలోనే ఆగి ఉంటుంది. లెదర్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగా, లేక కింది వేరియంట్ తీసుకుని బయట లెదర్ కవర్లు వేయించుకుంటే సరిపోతుందా?

మా ఇంట్లో మొదటి కారుకి క్లాత్ సీట్లుండేవి, ఇప్పుడున్న కారుకి లెదర్. రెండింటినీ పిల్లలతో, పెద్దవాళ్ళతో ఏళ్ళ తరబడి వాడాం. మీరు చెప్పిన పరిస్థితికి నా సలహా ఒకటే. పై వేరియంట్‌లో సీట్లకి వెంటిలేషన్, అంటే సీటు లోపలి నుంచే గాలి ఆడించే ఏర్పాటు, ఉంటే లెదర్ తీసుకోండి. అది లేకపోతే క్లాత్ తీసుకుని హాయిగా ఉండండి.

దీనికి కారణం ఎండ. లెదర్ సీటు వేడెక్కుతుందని అందరికీ తెలుసు. కానీ అసలు ఇబ్బంది కూర్చోగానే తగిలే చురుకు కాదు, అది కాసేపట్లో తగ్గిపోతుంది. ఏసీ కారులోని గాలిని తొందరగానే చల్లబరుస్తుంది. కానీ మన వీపు కింద, తొడల కింద ఉన్న భాగాన్ని మనమే మూసేసి కూర్చుంటాం కాబట్టి ఆ చల్లగాలి అక్కడికి చేరదు. క్లాత్ అయితే దారాల సందుల్లోంచి కొంత గాలి ఆడుతుంది, చెమటని కొంత పీల్చుకుంటుంది. లెదర్ ఆ రెండూ పెద్దగా చెయ్యదు. అందుకే ముఖానికి చల్లగా తగులుతున్నా దూరప్రయాణంలో చొక్కా వీపుకి అంటుకుపోతుంది. మా లెదర్ కారులో వెనక సీటులో కూర్చున్నవాళ్ళు ఇప్పటికీ ఈ మాటే అంటారు, ఎందుకంటే వెంటిలేషన్ ముందు సీట్లకే ఉంది.

వెంటిలేటెడ్ సీటు అంటే లోపల చిన్న ఫ్యాన్లుండి, తోలుకి ఉన్న సన్నటి రంధ్రాల గుండా గాలిని ఆడిస్తాయి. స్వీడన్ కార్ల కంపెనీ సాబ్ 1997లో తెచ్చిన 9-5 మోడల్‌లోనే ఇలాంటివి ఉండేవి, కాబట్టి ఇదేమీ నిన్న మొన్నటి వింత కాదు. ఇక్కడ ఒక జాగ్రత్త. సీటుకి రంధ్రాలు కనిపించగానే వెంటిలేషన్ ఉందనుకోవద్దు. చాలా కార్లలో ఆ రంధ్రాలు చూడటానికే ఉంటాయి, వెనక ఫ్యాన్ ఉండదు. దానికి విడిగా బటన్ ఉందో లేదో, ఏయే సీట్లకి పనిచేస్తుందో షోరూంలో వేసి చూడండి. మీ నాన్నగారు ఎక్కువగా వెనకే కూర్చుంటారంటే ముందు సీట్ల వెంటిలేషన్ వల్ల ఆయనకి ఒరిగేది ఏమీ లేదు.

ఎండలో పెట్టే కారుకి రంగు కూడా ముఖ్యమే. నల్ల లెదర్ కన్నా లేత రంగు తక్కువ వేడెక్కుతుంది. కాకపోతే లేత రంగుకి కొత్త జీన్స్ నీలం అంటుకుంటుంది. దాన్ని వెంటనే తుడిస్తే పోతుంది, నెలల తరబడి వదిలేస్తే పై పూతలోకి దిగి పట్టేస్తుంది. మరీ లేతా మరీ ముదురూ కాకుండా మధ్యస్థంగా ఉండే గోధుమ రంగో బూడిద రంగో దొరికితే అదే మేలని నా ఉద్దేశం.

ఇక మీరు డబ్బు పెడుతున్నది దేనికో కూడా చూడాలి. 'లెదర్ సీట్లు' అన్న మాటకి బ్రోచర్లలో చాలా అర్థాలున్నాయి. చాలా కార్లలో ఒళ్ళు తగిలే భాగం వరకే అసలు తోలు ఉంటుంది. సీటు పక్కలు, వెనక భాగం, తల ఆనించే చోటు అదే రంగు రెగ్జినే. కొన్నిట్లో మొత్తం లెదరెట్ ఉంటుంది, అంటే పీవీసీతో గానీ పీయూ (పాలియురెథేన్)తో గానీ చేసిన కృత్రిమ తోలు. ఇందులో మోసమేమీ లేదు, చిన్న అక్షరాల్లో రాసే ఉంటారు. సేల్స్ వాళ్ళని 'ఏ భాగం అసలు తోలు, ఏది కాదు' అని సూటిగా అడిగి, జవాబు బ్రోచర్‌లో చూపించమనండి.

లెదరెట్ అనగానే తీసిపారెయ్యాల్సిన పని కూడా లేదు. మెర్సిడెస్ వాళ్ళ ఎంబీ-టెక్స్ అసలు తోలు కాదు, కానీ దశాబ్దాలు నిలుస్తుందని దానికి పేరుంది. ఖరీదైన కార్లలో కనిపించే ఆల్కంటారా కూడా తోలు కాదు. పాలిస్టర్, పాలియురెథేన్‌లతో చేసే ఆ మెత్తటి బట్టని 1970లో జపాన్‌లోని టోరే కంపెనీ శాస్త్రవేత్త మియోషి ఒకమోటో కనిపెట్టారు. తేడా నాణ్యతలో వస్తుంది. చవకరకం పీయూ వేడికీ తేమకీ కొన్నేళ్ళలో పొట్టులా లేచిపోతుంది. పీవీసీని మెత్తగా ఉంచే పదార్థం కాలక్రమేణా బయటికి పోయి అది బిగుసుకుని పగులుతుంది. తోలు ముక్కల్ని పొడిచేసి జిగురుతో అతికించే 'బాండెడ్ లెదర్' అనే రకం ఇంకొకటుంది, దాని జోలికి మాత్రం వెళ్ళొద్దు. పేరులో లెదర్ ఉన్నంత మాత్రాన దానికి తోలుకుండే బలం రాదు.

ఇప్పుడు మీ నాన్నగారి విషయం. మా అమ్మకీ మోకాళ్ళ నొప్పులే. ఆవిడ కారెక్కే పద్ధతి ఇలా ఉంటుంది: మొదట సీటు మీద పక్కకి కూర్చుంటుంది, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకుంటుంది. క్లాత్ సీటు మీద ఆ తిరగడం కష్టమయ్యేది. కట్టుకున్న బట్ట సీటుకి పట్టుకునేది, ఆవిడ చేతులతో నొక్కుకుంటూ రెండు మూడుసార్లు లేచి జరగాల్సి వచ్చేది. లెదర్ మీద ఒక్క తిరుగుడుతో సర్దుకుంటుంది. దిగేటప్పుడూ అంతే. మా ఇంట్లో లెదర్‌కి వచ్చిన మొట్టమొదటి మెప్పు ఆవిడదే, అదీ వేడి గురించి అందరూ సణుగుతున్న రోజుల్లో! ఈ ఒక్క కారణం చాలు, నేను మళ్ళీ కొన్నా లెదరే కొంటాను. అయితే ఒక షరతు. సీటు అంచులు బాగా ఎత్తుగా, ఒళ్ళు పట్టి ఉంచేలా ఉన్న స్పోర్ట్ సీట్లయితే ఈ లాభం పోతుంది. ఆ అంచు దాటడమే పెద్ద పని అవుతుంది. సీటు మరీ కిందకి ఉన్నా అంతే. అందుకని ఆయన్ని షోరూంకి తీసుకెళ్ళి రెండు వేరియంట్లలోనూ ఎక్కించి దించి చూడండి. బ్రోచర్ చదివి తేల్చే విషయం కాదిది. నున్నటి సీటు మీద మలుపుల్లో ఒళ్ళు జారుతుంది కూడా. పెద్దవాళ్ళకి చేత్తో పట్టుకోవడానికి పైన హ్యాండిల్ ఉందో లేదో కూడా చూడండి, కొన్ని కార్లలో అది అన్ని తలుపుల దగ్గరా ఉండదు.

పిల్లల విషయంలో లెదర్ స్పష్టంగా ముందుంటుంది. మా అమ్మాయికి చిన్నప్పుడు ప్రయాణాల్లో వాంతులయ్యేవి. క్లాత్ సీటు పైన ఎంత కడిగినా తడి లోపలి ఫోమ్‌లోకి దిగిపోయేది. ఆరాక వాసన పోయిందనుకుంటాం, కారు ఎండలో కాసేపు ఆగితే మళ్ళీ మొదలవుతుంది. అదే లెదర్ మీద పడితే అప్పటికప్పుడు తుడిచెయ్యొచ్చు. కుట్ల సందుల్లో మిగిలినదాన్ని మెత్తటి బ్రష్‌తో తియ్యాలి, అంతే. రంధ్రాలున్న తోలు అయితే నీళ్ళు గానీ క్లీనర్ గానీ నేరుగా సీటు మీద చల్లొద్దు, గుడ్డ మీద వేసుకుని తుడవండి. లేకపోతే ఆ తడి కూడా రంధ్రాల్లోంచి ఫోమ్‌లోకే పోతుంది.

వాంతుల బాధ ఉన్న పిల్లలుంటే ఇంకొకటి చూసుకోండి. కొత్త తోలు వాసన కొందరికి ఇష్టం, కొందరికి కడుపులో తిప్పుతుంది. టెస్ట్ డ్రైవ్‌కి పిల్లల్ని కూడా తీసుకెళ్ళి, అద్దాలు వేసుకుని కాసేపు తిరగండి.

చైల్డ్ సీటు బిగిస్తే లెదర్ మీద గుంటలు పడతాయి. చాలామంది దాని కింద మందపాటి దిండో మడిచిన దుప్పటో వేస్తారు. అది చాలా ప్రమాదం, అలా వెయ్యొద్దు. గుద్దుకున్నప్పుడు ఆ మెత్త అణిగిపోయి బెల్టు వదులవుతుంది. చైల్డ్ సీటు మాన్యువల్‌లో అనుమతించిన పల్చటి మ్యాట్ ఉంటే వేసుకోండి, లేకపోతే గుంటలు పడనివ్వండి.

లెదర్‌ని చూసుకోవడం పెద్ద తలనొప్పి అని భయపెడతారు, అంత టెన్షన్ అక్కర్లేదు. ఈ రోజుల్లో చాలా కార్ల సీట్ల తోలు మీద రంగుతో కలిపిన పల్చటి పూత ఉంటుంది. మనం తుడిచేది ఆ పూతనే. దాని మీద నూనెలు, క్రీములు రుద్దడం పెయింట్ వేసిన తలుపుకి నూనె రాసినట్టే, లోపలికి ఇంకేది చాలా తక్కువ. తోలుని పాడుచేసేవి దుమ్ము, ఒంటి జిడ్డు, ఎండ, రాపిడి. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తరచూ తుడిచి, అప్పుడప్పుడు కార్ లెదర్ కోసం చేసిన ఘాటులేని క్లీనర్ వాడితే చాలు. చేతులకి రాసుకునే శానిటైజర్ సీటు మీద పడనివ్వకండి, అందులోని ఆల్కహాల్ ఆ పూతని తినేస్తుంది. అన్నిటికన్నా ముందు అరిగేది డ్రైవర్ సీటుకి తలుపు వైపున్న అంచు. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ దాని మీదే రాపిడి పడుతుంది. అంచు మీద ఒరుసుకుంటూ దిగకుండా కాస్త ఒళ్ళు ఎత్తి దిగడం అలవాటు చేసుకుంటే అది చాలాకాలం బాగుంటుంది.

క్లాత్ తీసుకుంటే తక్కువైపోతామని మాత్రం అనుకోకండి. మోటారు కార్ల తొలి రోజుల్లో ఖరీదైన కార్లలో ఎండావానా తగిలే ముందు భాగంలో కూర్చునే డ్రైవర్‌కి తోలు సీటు వేసి, యజమాని కూర్చునే వెనక గదికి మేలురకం బట్ట వేసేవారు. టొయోటా సెంచరీ జపాన్‌లో ప్రముఖులు తిరిగే కారు. అందులో ఈనాటికీ ఉన్ని బట్ట సీట్లు దొరుకుతాయి, తోలులా కిర్రుమనకుండా నిశ్శబ్దంగా ఉంటాయని దాన్ని కోరి ఎంచుకునేవాళ్ళున్నారు. వెంటిలేషన్ లేని లెదర్ కన్నా మంచి క్లాత్ మీద రోజూ ప్రయాణం సుఖంగా ఉంటుంది. ఆ మిగిలిన డబ్బుతో అద్దాలకి తెరలు, సీట్లకి ఉతుక్కునే కవర్లు తీసుకోవచ్చు.

కవర్లంటే మీ చివరి ప్రశ్న గుర్తొచ్చింది. బయట లెదర్ కవర్లు వేయించుకోవచ్చు, కానీ అది అందం కన్నా ముందు ప్రాణానికి సంబంధించిన విషయంగా చూడండి. చాలా కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ ముందు సీటు అంచులోనే ఉంటుంది. ప్రమాదంలో అది సీటు కుట్టుని చీల్చుకుని బయటికి రావాలి. మామూలు కవర్ దాని మీద బిగుతుగా చుట్టేస్తే అది ఆలస్యం కావచ్చు, తప్పు దిక్కుకి తెరుచుకోవచ్చు. సీటులో మనిషి ఉన్నాడో లేడో, ఎంత బరువున్నాడో చూసే సెన్సార్ కూడా ముందు ప్యాసింజర్ సీటు కింద ఉండొచ్చు. సీటు విప్పి కొత్తగా కుట్టేవాళ్ళు దాన్ని కదిలిస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. తలుపు తెరిచి సీటు పక్క అంచున ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న ట్యాగ్ ఉందేమో చూడండి. ఉంటే, ఆ మోడల్‌కి కారు కంపెనీయే ఆమోదించిన కవర్లు తప్ప ఇంకేవీ వెయ్యనివ్వకండి. డెలివరీ రోజున షోరూం వాళ్ళు ఉచితంగా వేసిస్తామన్నా సరే, ముందు ఆ ట్యాగ్ చూపించి అడగండి.