సంకర కారా, హైబ్రిడ్ కారా? ఖరీదా, ఖర్చా?

సందేహం: "అత్యున్నత స్థాయి సహన కారు పందేలలో సంకర సాంకేతికత ఖరీదు పెరిగిపోవడం వల్ల ఆడి, పోర్షే కంపెనీలు తప్పుకున్నాయి" అని నేను ఒక వ్యాసంలో రాశాను. 'సంకర' అనే మాట కారుకు చెల్లదని, 'ఖరీదు' తప్పని, 'వ్యయం' అనడమే సాధువని మా మిత్రుడు అంటున్నాడు. హైబ్రిడ్ విత్తనాన్ని సంకర విత్తనం అంటున్నప్పుడు హైబ్రిడ్ కారును సంకర కారు అంటే తప్పేమిటి? (వనపర్తి నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ మిత్రుని మొదటి అభ్యంతరం నిలుస్తుంది, రెండవది సగమే నిలుస్తుంది.

హైబ్రిడ్ అనే మాటకు మూలమైన లాటిన్ పదం పెంపుడు ఆడపందికి, అడవిపందికి పుట్టిన పిల్లను చెప్పేది. అంటే ఆ మాటకు మొదటినుంచీ పుట్టుకతోనే సంబంధం. మన సంకర విత్తనమూ అటువంటిదే. మీకు దగ్గరలోనే, గద్వాల, అయిజ వైపు సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పని జరిగేటప్పుడు చూడండి. సాయంత్రం ఆడ సాళ్లలోని మొగ్గల నుంచి కేసరాలను గిల్లివేస్తారు. మరునాటి ఉదయం మగ సాళ్లలో పూసిన పువ్వును తెంపి, దాని పుప్పొడిని ఆ మొగ్గల కీలాగ్రానికి రాస్తారు. ఆ కాయలో పండిన గింజను చేతిలో పెట్టుకొని ఇందులో తల్లి భాగం ఇది, తండ్రి భాగం ఇది అని గోటితో విడదీయగలవారు ఎవరూ లేరు. అది సంకరం.

ఈ భేదాన్ని మన ఆలంకారికులు ఎప్పుడో గుర్తించి రెండు వేర్వేరు పేర్లు పెట్టారు. ఒకే పద్యంలో రెండు అలంకారాలు నువ్వులూ బియ్యమూ కలిసినట్లు, చూడగానే వేరు చేయగలిగేటట్లు ఉంటే అది సంసృష్టి. పాలూ నీళ్లూ కలిసినట్లు విడదీయరాకుండా ఉంటే అది సంకరం. హైబ్రిడ్ కారంటే ఇంధనంతో నడిచే ఇంజనూ, విద్యుత్ మోటారూ రెండూ ఉన్న కారు. కనుక మీ ప్రశ్నను ఇట్లా మార్చి అడగవచ్చు: హైబ్రిడ్ కారు నువ్వులూ బియ్యమా, పాలూ నీళ్లా?

2012లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల కార్ల పందెంలో గెలిచిన ఆడి ఆర్18 ఇ-ట్రాన్ క్వాట్రో ఆ పందెం గెలిచిన మొదటి హైబ్రిడ్ కారు. దానిలో డీజిల్ ఇంజన్ వెనుక చక్రాలను తిప్పేది. బ్రేకు వేసినప్పుడు ముందు చక్రాల దగ్గర వృథాగా పోయే శక్తిని విద్యుత్తుగా మార్చి, వేగంగా తిరిగే ఒక చక్రంలో దాచి, మళ్లీ ఆ ముందు చక్రాలకే అందించేవారు. రెండు యంత్రాలు, రెండు ఇరుసులు. 2014లో వచ్చిన నిబంధనలు ఇంకా స్పష్టం: 13.629 కిలోమీటర్ల ఒక్కొక్క చుట్టులో 2, 4, 6, 8 మెగాజౌళ్లలో ఎంత విద్యుచ్ఛక్తి వాడుకోదలచారో కంపెనీయే ఎంచుకోవాలి. విద్యుత్తు వాటా పెరిగినకొద్దీ ఇంధనం వాటా తగ్గుతుంది. కొలతపాత్రలే వేరయినచోట అవి నువ్వులూ బియ్యమే గాని పాలూ నీళ్లు కావు.

దీనికి ఒక ఆక్షేపణ చెప్పవచ్చు. 2015 నుంచి 2017 దాకా వరుసగా మూడుసార్లు లె మాన్‌లో గెలిచిన పోర్షే 919లో బ్రేకుల నుంచే కాక, పొగగొట్టంలో వెళ్లే వేడి వాయువుతో ఒక టర్బైన్‌ను తిప్పి కూడా విద్యుత్తు తీసేవారు. ఆ వాయువు పెట్రోలు మండగా వచ్చినదే కాబట్టి రెండు శక్తులూ ఒకటే కదా అనవచ్చు. మూలం ఒకటి కావడం వేరు, రూపం కలిసిపోవడం వేరు. ఒకే ఆవుకు పుట్టిన రెండు కోడెలను ఒక కాడికి కట్టినంత మాత్రాన అవి ఒక ఎద్దు కావు.

కాడి మాట వచ్చింది గనుక, నా అభిప్రాయంలో ఇక్కడ పనికివచ్చే తెలుగు మాట 'జోడు'. దాపటెద్దు, వలపటెద్దు కలిసి ఒక బండిని లాగుతాయి. లాగడంలో ఒకటి, లెక్కలో రెండు. వివరించి చెప్పవలసిన చోట 'జోడు చోదకం' అనండి. మిగిలిన చోట్ల 'హైబ్రిడ్' అనే ఉంచండి. విత్తనాల దుకాణం ద్వారా ఆ మాట మన పల్లెలకు చేరి చాలా కాలమయింది, దానిని తరిమి 'సంకర'ను తేవడం వల్ల కలిసివచ్చేది లేదు. పైగా 'సంకర' అన్నప్పుడు వర్ణసంకరం వంటి పాత నిందార్థపు వాసన ఒకటి వెంట వస్తుంది.

ఎండ్యూరెన్స్ రేసుకు మీరు వాడిన 'సహన పందెం' కూడా నాకు నచ్చలేదు. సహనం మనసుకు చెందినది, యంత్రానికి ఉండేది మన్నిక. అయినా ఆ పందెం స్వరూపం మనకు కొత్తది కాదు. మేళ్లచెరువు శివరాత్రి జాతరలో ఎడ్ల జతలు బండ లాగడాన్ని చూసినవారికి తెలుసు: అక్కడ కాలం ముందే నిర్ణయిస్తారు, ఆ కాలంలో లాగిన దూరాన్ని కొలుస్తారు. 1923లో మొదలయిన లె మాన్ పందెం పద్ధతీ అదే, కాలం మాత్రం 24 గంటలు. 'మన్నిక పందెం' అంటే చాలు.

ఇక ఖరీదు సంగతి. పారసీకంలో ఈ మాటకు అర్థం కొనుగోలు. మన ప్రాంతంలో ఆ అర్థం ఇంకా చెరగలేదు. జడ్చర్ల దగ్గరి బాదేపల్లి మార్కెట్టులో ధాన్యం కొనేవారిని నేటికీ ఖరీదుదారులనే అంటారు. తరువాత అది కొనే వస్తువు ధరకు పేరయింది. కాబట్టి ఖరీదు ఉండాలంటే అమ్మేవాడు, కొనేవాడు ఉండాలి. పోర్షే 919ను కంపెనీ తన జట్టు కోసమే తయారు చేసుకొన్నది, ఇతర జట్లకు అమ్మలేదు. దానికి అయినది ఖర్చు. అంతవరకు మీ మిత్రుడు చెప్పింది ఒప్పు. అయితే వ్యయమే సాధువు, ఖర్చు అసాధువు అనడం కుదరదు. వ్యయం అన్నా, అరబ్బీ నుంచి వచ్చిన ఖర్చు అన్నా మూలార్థం వెళ్లిపోవడమే. చేతిలోనుంచి పోయే సొమ్మును రెండు భాషలవారూ ఒకే తీరుగా చూశారు. ఉగాదినాడు పంచాంగంలో వ్యయమని చదివించుకొని, ఇంటికి వచ్చి ఖర్చు గురించి దిగులుపడేవాళ్లం మనం.

ఖరీదు సరిపడే చోటు కూడా ఇదే పందెంలో ఉన్నది. 2023 నుంచి మన్నిక పందేల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోకి వచ్చిన ఎల్‌ఎండీహెచ్ అనే హైబ్రిడ్ కార్ల తరగతిలో చట్రాన్ని నాలుగు నిర్ణీత సంస్థలలో ఒకదాని నుంచి తీసుకోవాలి. విద్యుత్ మోటారు, బ్యాటరీ, గేరుబాక్సు అందరికీ ఒకటే. ఇంజన్ కాక మిగిలిన కారును 10 లక్షల యూరోలలోపు అమ్మాలని నియమం పెట్టారు. ఆ ఏడే జోటా, ప్రోటాన్ అనే ప్రైవేటు జట్లు పోర్షే 963 కార్లను కొనుక్కొని దిగాయి. 2024లో బెల్జియంలోని స్పా పందెంలో జోటా గెలిచింది కూడా. ఆ కారుకు ఖరీదు ఉన్నది. కనుక అక్కడి నియమం 'ధర పరిమితి'. ఫార్ములా వన్‌లో 2021 నుంచి జట్టు ఏడాదికి ఇంత మించి ఖర్చు చేయరాదని, మొదట 14.5 కోట్ల డాలర్లుగా పెట్టినది 'వ్యయ పరిమితి'. పత్రికలు ఈ రెండింటినీ ఒకే మాటతో చెప్పేస్తుంటాయి. ధర పరిమితి ఉన్నా, ఆ కారును అభివృద్ధి చేయడానికి కంపెనీ ఎంతయినా వెచ్చించవచ్చునన్న సంగతి దీనితో మరుగున పడుతుంది.

మీ వాక్యంలో మీ మిత్రుడు పట్టుకోనిది ఇంకొకటి ఉన్నది, అది 'వల్ల'. ఆడి 2016 చివరన, పోర్షే 2017 చివరన తప్పుకొన్న మాట నిజమే. ఆ రెండు కంపెనీల మాతృసంస్థ 2015లో డీజిల్ కార్ల పొగ పరీక్షల వివాదంలో ఇరుక్కొన్నది. రెండూ ఆ పిమ్మట విద్యుత్ కార్ల పందెమైన ఫార్ములా ఈ వైపు మళ్లాయి. 'వల్ల' అన్నప్పుడు కారణం ఒక్కటే అన్న ధ్వని వస్తుంది. అందుచేత నేనయితే ఇట్లా రాస్తాను: "మన్నిక పందేల పై తరగతిలో హైబ్రిడ్ కార్లకయ్యే ఖర్చు పెరిగిపోవడమూ ఒక కారణంగా ఆడి, పోర్షే తప్పుకొన్నాయి."