ఏడ్చే ముఖమే కావాలా?

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. ఫోన్లో కాదు, పెద్ద మానిటర్ మీద, తీరిగ్గా. "ఫోటోలో ఎమోషన్ ఎలా తేవాలన్నా?" అని అడిగావు. చెబుతాను గానీ నొచ్చుకోకు.

పంపినవాటిలో ముప్పాతిక వంతు పరాయివాళ్ల కష్టాలే. బస్టాండులో ముడతల ముఖం అవ్వ, సిగ్నల్ దగ్గర బెలూన్లు అమ్మే పిల్ల, గుడి మెట్ల మీద చెయ్యి చాచిన ముసలాయన. అన్నీ బ్లాక్ అండ్ వైట్. ముడతలు లోతుగా కనబడాలని కాంట్రాస్ట్ బాగా లాగావు. ఫోకస్ సరిగ్గా కంటి మీదే ఉంది, పనితనానికి వంక పెట్టను. కానీ ఆ అవ్వని చూసినప్పుడు నీకేమనిపించిందో అందులో నాకు దొరకలేదు. జాలి దొరికింది. అలాంటి ముఖం చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది, దానికి నువ్వే వెళ్లి తీయక్కర్లేదు. ఇక రంగు తీసేస్తే బాధ వస్తుందని మీ తరానికి ఎవరు నూరిపోశారో నాకు అర్థం కాదు. రంగు తీసేస్తే రంగు పోతుంది, అంతే.

అన్నిటికంటే చివర, "ఇది షేక్ అయింది, పట్టించుకోకండి" అని రాసి ఒకటి పంపావు చూడు, దాని గురించే ఈ ఉత్తరం. చెరువు గట్టు మీద షెడ్డు. మడత మంచం మీద మీ నాన్నగారు నిద్రపోతున్నారు. దోమతెర లోంచి ఒక కాలు బయటికి వచ్చింది. ఆ కాలికి చెప్పు ఉంది. వెనకాల బల్బు వెలుగులో, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిరుగుతూ నీళ్లు తెల్లగా చిమ్ముతున్నాయి. మంచం కింద టార్చిలైటు.

చెప్పు విప్పకుండా పడుకున్న మనిషి. రొయ్యల చెరువుల దగ్గర పెరిగినవాడికి అదొక్కటీ చాలు, ఇంకేం చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎటూ తక్కువగా ఉంటుంది. అలాంటి వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ ఆన్ చేసేలోపే రొయ్యలు పైకి తేలడం మొదలుపెడతాయి. అప్పు చేసి వేసిన పంట ఆ కాసేపట్లో పోవచ్చు. అందుకే ఆయన చెప్పులు విప్పరు. భీమవరం చుట్టుపక్కల అలా పడుకునేవాళ్లు ఎంతమందో. వాళ్లలో ఒకాయన నీకు నాన్న. ఆ ఫోటోలో ఎవరూ ఏడవడం లేదు, అసలు ముఖమే కనబడదు. అయినా చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టయింది. రొయ్యల సాగు గురించి ఏమీ తెలియని మా ఆవిడకి చూపిస్తే "పాపం, లేవగానే పరిగెత్తాలేమో" అంది.

నువ్వు అడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఇంతే. బాధపడే మనిషిని తీయడం ఒక పని. నీకు ఏది ముఖ్యమో, దేనికి భయపడతావో, దేన్ని వదులుకోలేవో తీయడం ఇంకో పని. రెండోదానికి ఏడ్చే ముఖం దొరకాల్సిన అవసరం లేదు. చాలాసార్లు ముఖం అడ్డం కూడా. చూసేవాడు ముఖం చూడగానే "ఓహో, బాధ" అని పేరు పెట్టేసి ముందుకు పోతాడు.

1984 భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత రఘు రాయ్ తీసిన ఫోటో నువ్వు చూసే ఉంటావు. మట్టిలో పూడ్చుతున్న పసిబిడ్డ ముఖం, దాని మీద ఒక చెయ్యి. ఎవరి చెయ్యో ఫ్రేములో తెలియదు. గుండెలు బాదుకునేవాళ్లు లేరు, ఆసుపత్రి వరండా లేదు, ఫ్యాక్టరీ గొట్టాలు లేవు. ఆ ఊళ్లో ఆ రోజుల్లో ఏడ్చే ముఖాలకి కొదవా? మట్టి ఇంకొంచెం వేస్తే ఆ ముఖం ఇక కనబడదు. ఆ చెయ్యి ఆఖరిసారి తడుముతోంది. కళ్లు తిప్పుకోలేకపోవడానికి అది చాలు.

దానికి పూర్తిగా అటువైపున ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ ఉన్నాడు. అమెరికావాడు. ఆయన పోర్ట్రెయిట్ల బలమంతా ఎదుట కూర్చున్న మనుషుల మీద ఆయనకున్న పట్టులోనే ఉందని ఒకాయన రాశాడు. స్టీగ్లిట్జ్‌కి మండింది. 1922లో కెమెరా ఎత్తి మబ్బుల్ని తీయడం మొదలుపెట్టాడు. మబ్బుల మీద ఎవరికీ పట్టు ఉండదు, అవి అందరికీ ఉచితం. అలా ఏళ్ల తరబడి తీశాడు. తర్వాత వాటికి 'ఈక్వివలెంట్స్' అని పేరు పెట్టాడు, తన మనసులో ఉన్నదానికి అవి సాటి అని. వాటిలో చాలా ఫోటోల్లో చెట్టు లేదు, కొండ లేదు, ఏది పైన ఏది కింద అని కూడా తెలియదు. కొన్ని నాకు ఇప్పటికీ ఎక్కవు, ఆ మాట వేరు. కానీ ఆయన ఒప్పుకున్న పందెం నాకు ఇష్టం.

నాకు మరీ దగ్గరగా అనిపించేవాడు ప్రాగ్ నగరంలో ఉండిన యోసెఫ్ సుదెక్. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోయింది. ఆ ఒంటి చేత్తోనే స్టాండు మీద నిలబెట్టే పెద్ద పెట్టె కెమెరాలు మోసుకు తిరిగేవాడు. 1940 ప్రాంతంలో, జర్మన్ సేనలు ఊళ్లో ఉన్న కాలంలో, బయట స్వేచ్ఛగా ఫోటోలు తీసే పరిస్థితి లేదు. తన స్టూడియో కిటికీనే తీయడం మొదలుపెట్టాడు. గాజు మీద ఆవిరి, మంచు, నీటి చారలు, అవతల పెరట్లో వంకర తిరిగిన ఒక చెట్టు. 1954 దాకా అదే కిటికీ. నువ్వేమో "మా ఊళ్లో తీయడానికి ఏముందన్నా, హైదరాబాద్ వస్తే సబ్జెక్టులు దొరుకుతాయి" అంటున్నావు.

సరే, పనిలోకి వద్దాం. మనసులో ఉన్నది ఫోటోలోకి ఎలా వస్తుందంటే కొంత సెట్టింగుల వల్లే వస్తుంది. దీన్ని చిన్నచూపు చూడకు. ఆ చెరువు ఫోటోతో పాటు అదే షెడ్డుని నైట్ మోడ్‌లో తీసి పంపావు. ఫోన్ నాలుగైదు ఫ్రేములు కలిపి చీకటినంతా తుడిచేసింది. దోమతెర చిరుగులు కూడా లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉంది. కానీ రాత్రి పోయింది. రాత్రి పోయాక ఆ చెప్పుకి అర్థమేముంది? పట్టపగలు కునుకు తీస్తున్న మనిషిలా ఉన్నారు మీ నాన్నగారు. చీకటిగా ఉన్నదాన్ని చీకటిగానే ఉండనివ్వు. కెమెరా మీటర్ చెప్పినదానికంటే ఒక స్టాప్ తగ్గించి, అంటే సగం వెలుతురే పడేలా, తీసి చూడు. వెలుతురు రంగుని సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే ఆ పసుపు బల్బుని తెల్లగా చేసేస్తుంది. పగటి వెలుతురు సెట్టింగులో పెట్టు, బల్బు పసుపు పసుపులా ఉంటుంది, తెల్లవారుజాము నీలం నీలంలా ఉంటుంది. షట్టర్ 1/15 సెకను దగ్గర పెడితే ఏరియేటర్ చిమ్మే నీళ్లు దూదిలా సాగుతాయి, 1/500 పెడితే చుక్కచుక్కా విడిగా గాలిలో ఆగిపోతుంది. మొదటిదాంట్లో రాత్రంతా తిరిగే చప్పుడు ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. ఏది సరైనదని నన్ను అడగకు. ఆ రాత్రి నీకు ఎలా ఉందో దాన్నిబట్టి నువ్వే తేల్చుకోవాలి. షేక్ అయిందని నువ్వు తీసి పక్కన పడేసిన ఫోటోలో ఆ కాస్త కదలిక దానికి మేలే చేసింది. అలాగని ఇకనుంచి కావాలని ఊపేయకు.

పెళ్లిళ్ల సీజన్లో అసిస్టెంటుగా వెళ్తున్నానని, అది "ఆర్ట్ కాదు, పొట్టకూటి కోసం" అని కాస్త చిన్నబుచ్చుకుంటూ రాశావు. దానికి సిగ్గెందుకు? అంతకంటే మంచి బడి ఎక్కడుంది? అప్పగింతలప్పుడు ఏం జరుగుతుందో చూశావుగా. పళ్లెంలో పాలు, అందులో పెళ్లికూతురి చేతులు ముంచి అత్తింటివాళ్ల చేతుల్లో పెడతారు. ఆ నిమిషంలో పందిట్లో ఉన్న కెమెరాలన్నీ, డ్రోన్‌తో సహా, పెళ్లికూతురి కన్నీళ్ల మీదే. అవి మీ సీనియర్ తీస్తాడు, తీయాలి, డబ్బులిచ్చింది వాటికే. నువ్వు రెండో కెమెరావి కదా, వెనక్కి తిరుగు. చెల్లెలి పెట్టెలు కారు డిక్కీలో సర్దుతూ, ఇటు చూస్తే ఎక్కడ ఏడుస్తానో అని సర్దినవే మళ్లీ సర్దుతుంటాడు అన్న. సారె గిన్నెలు లెక్కపెడుతూ మధ్యలో లెక్క తప్పి మొదటినుంచి ఎత్తుకుంటుంది మేనత్త. పాలు అంటిన చేతులు తుడుచుకోవడానికి ఎవరూ గుడ్డ ఇవ్వకపోతే పంచె అంచుకి తుడుచుకుంటాడు తండ్రి. ఇవి పెళ్లి ఆల్బంలోకి రాకపోవచ్చు. అయినా తీయి. ముందు రోజు రాత్రే వెళ్లి ఆ ఇంట్లో భోజనం చెయ్యి, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుసుకో. ఆ అన్న ఎవరో తెలియకపోతే వాడు నీ కంటికి డిక్కీ దగ్గర నిలబడ్డ ఎవరో కుర్రాడు, అంతే.

దగ్గరితనం గురించి ఇంకో మాట. మన హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టాడు. అందులో ఫోటోలు తీసేది ఆడవాళ్లే, ఒక ఇంగ్లీషావిడ దాన్ని నడిపేది. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరే అయినా కొన్ని గదుల్లోకి తను వెళ్లకూడదని, వెళ్లగలిగినవాళ్లకి కెమెరా ఇవ్వాలని ఆయనకి తెలుసు. నువ్వు వెళ్లగలిగిన గదులు ఏవో కాస్త ఆలోచించు. ఆ గట్టు మీద షెడ్డులోకి అర్ధరాత్రి ఏ పేరున్న ఫోటోగ్రాఫర్ వచ్చినా మీ నాన్నగారు లేచి కూర్చుని చొక్కా వేసుకుంటారు.

బస్టాండు అవ్వ దగ్గరికి మళ్లీ వస్తాను. ఆమె పేరేమిటి? ఏ బస్సు కోసం కూర్చుంది? డొరోథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలో బఠానీ కోత కూలీల గుడారాల దగ్గర ఒక తల్లిని తీసింది. చెయ్యి చెంపకి ఆనించుకుని ఎటో చూస్తున్న తల్లి, భుజాల మీద ముఖాలు దాచుకున్న పిల్లలు. ప్రపంచంలో అందరికీ తెలిసిన ఫోటోల్లో అదొకటి. పేరు కూడా అడగలేదని లాంగే తర్వాత రాసింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫోటో వల్ల తనకి దక్కిందేమీ లేదని, అసలు తీయకపోయి ఉంటేనే బాగుండేదని ఆవిడ అంది. లాంగ్‌ది చెడ్డ మనసు కాదు, అక్కడ ఆమె తీసిన ఫోటోలు చూసి ఆ గుడారాలకి తిండి పంపారు కూడా. అయినా ఆవిడ కోపం న్యాయమైనదే. లాంగ్ అంతటి మనిషి తీసినా ఇలా జరిగిందంటే, లైకుల కోసం అవ్వ ముడతల మీద కాంట్రాస్ట్ లాగే ముందు మనం కాసేపు ఆగాలి. పక్కన కూర్చో, మాట్లాడు. ఆమె వద్దంటే కెమెరా సంచిలో పెట్టు. మీ నాన్నగారినీ అడుగు. నిద్రలో తీశావు కదా, ఎవరికైనా చూపించే ముందు ఆయనకి చూపించు.

ఇక ఫోటోల కింద నీ కవితలు. తమ్ముడూ, నేను రాసుకు బతికేవాణ్ని, మాటల మీద నాకు కోపం లేదు. కానీ ఫోటో చెప్పినదాన్నే కింద మళ్లీ మాటల్లో చెబితే రెండూ పలచబడతాయి. "కన్నీటి సంద్రంలో ఒంటరి నావ" అని రాశావు అవ్వ కింద. ఆమె పాలకొల్లు బస్సు కోసం కూర్చుని ఉందేమో! ఊరు, నెల, వేళ, ఎవరు, ఏం చేస్తున్నారు, ఇవి రాయి. "తెల్లవారుజాము మూడింటికి, వనామి రొయ్యల చెరువు గట్టు, నాన్న. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది." అలాంటిది రాస్తే చాలు, మిగతాది చూసేవాడికి వదిలెయ్యి.

దూరం నుంచే ముఖాన్ని దగ్గరగా చూపించే 85 ఎంఎం లెన్స్ కొనమంటావా అని అడిగావు. వద్దు. దూరం నుంచి ముఖాలు కోసుకోవడం నీకు ఇప్పటికే ఎక్కువగా అలవాటైంది. కెమెరాతో వచ్చిన నీ కిట్ లెన్స్‌ని 35 ఎంఎం దగ్గర ఉంచి, జూమ్ రింగుకి టేపు చుట్టెయ్యి. ఈ ఏడాదంతా అలాగే తీయి, కావాలంటే నువ్వే నడిచి దగ్గరికి వెళ్లు. లెన్స్ డబ్బుల్లో కొంచెం పెట్టి ప్రింట్లు వేయించు, స్క్రీన్ మీద తెలియని తప్పులు కాగితం మీద ఇట్టే తెలిసిపోతాయి. రొయ్యల పట్టుబడి అయ్యి మీ నాన్నగారికి కాస్త టెన్షన్ తగ్గాక, నెల రోజులు ఆ గట్టు మీదే తిరుగు. షెడ్డు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రేలు, జనరేటర్, మేత బస్తాలు, ఆయన చేతులు. తీసినవి వాట్సాప్‌లో పంపకు, ఫైలుని పిండేసి నాణ్యత తగ్గించేస్తుంది. ఒరిజినల్ ఫైళ్లు మెయిల్ చెయ్యి. నచ్చనివి, షేక్ అయినవి కూడా కలిపి పంపు, ఏరడం నాకు వదిలెయ్యి. కవితలు జత చేస్తే మాత్రం చదవను.

మీ అన్న