తప్పు జవాబు చెప్పిన అమ్మాయిని కూర్చోమన్న రోజు

ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవారికి మంచి బోధనకూ చెడ్డ బోధనకూ తేడా ఎక్కడ కనిపించిందని అడిగారు. నేను ఛాత్రోపాధ్యాయురాలిని, ప్రస్తుతం ఆరో తరగతికి లెక్కలు చెబుతూ బోధనాభ్యాసం చేస్తున్నాను. నా అనుభవం చిన్నదే అయినా ఈ ప్రశ్న మాత్రం కొన్ని నెలలుగా నన్ను వదలడం లేదు.

శిక్షణలో చేరకముందు అడిగి ఉంటే, మంచి టీచరంటే పాఠం విడమరిచి చెప్పేవారని తడుముకోకుండా చెప్పేదాన్ని. ఇప్పుడు అలా అనలేను. మనం చెప్పింది పిల్లల బుర్రలోకి ఏ రూపంలో వెళ్లిందో కనుక్కుంటున్నామా లేదా అన్నదే నాకు ముఖ్యమనిపిస్తోంది. కొట్టడం, నలుగురిలో అవమానించడం చెడ్డ పనులని వేరే చెప్పనక్కర్లేదు. నేను రాస్తున్నది పైకి చెడ్డగా కనిపించని చెడ్డ బోధన గురించి. అందులో నాది కూడా ఉంది.

మొదట్లో వెనక బెంచీలో కూర్చుని ఇతరుల తరగతులు చూడటమే మా పని. నాలుగో తరగతిలో తీసివేతలు చెబుతున్న ఒక ఉపాధ్యాయుడికి విషయం మీద మంచి పట్టు ఉంది, బోర్డు మీద అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. మధ్యమధ్యలో "అర్థమైందా?" అని అడిగేవారు. తరగతంతా ఒక్క గొంతుతో "అర్థమైంది సార్" అనేది. నా ముందు కూర్చున్న బాబు నోట్‌బుక్కు నాకు కనిపిస్తూనే ఉంది. 52 లోంచి 38 తీసేసి 26 అని రాశాడు. 2 లోంచి 8 పోదు కాబట్టి, 8 లోంచి 2 తీశాడు. కింద ఉన్న లెక్కలన్నీ అదే పద్ధతిలో చేశాడు. అది పరధ్యానం వల్ల జరిగిన పొరపాటు కాదు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని ఒక నియమం పెట్టుకుని, దాన్ని నిక్కచ్చిగా పాటించాడు. "అర్థమైంది సార్" అన్న గొంతుల్లో అతనిదీ ఉంది, అతను అబద్ధమూ ఆడలేదు. తనకు అర్థమైందనే అనుకున్నాడు.

ఇంత చూసి కూడా, నా వంతు వచ్చేసరికి నేను చేసింది అదే.

ఆ రోజు దశాంశ భిన్నాల పాఠం. పాఠ్య పథకం రెండు రాత్రులు కూర్చుని రాశాను. బోర్డు మీద 0.35, 0.5 రాసి ఏది పెద్దదని అడిగాను. రెండో బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తి, "0.35 టీచర్" అంది. "కాదు, కూర్చో. ఇంకెవరు చెబుతారు?" అన్నాను. కిటికీ పక్కనున్న అబ్బాయి "0.5" అన్నాడు. "శభాష్" అని తర్వాతి లెక్కకు వెళ్లిపోయాను. మొత్తం పది సెకన్లు కూడా పట్టలేదు.

గంట కొట్టాక, నా తరగతిని పరిశీలించిన మేడమ్ పాఠ్య పథకం గురించి ఒక్క మాటా అనలేదు. "ఆ అమ్మాయి 0.35 పెద్దదని ఎందుకు అనుకుందమ్మా?" అని అడిగారు. సరిగ్గా వినలేదేమో అన్నాను. "అడిగావా?" అన్నారు. అడగలేదు. "ఆ అబ్బాయిని అడిగావా?" "అతను సరిగ్గానే చెప్పాడు కదండీ." "అయినా అడిగి చూడు."

మర్నాడు ఆ అమ్మాయి దగ్గరికి వెళితే తల ఎత్తలేదు. అది చూసినప్పుడు కలిగిన బాధ నాకు ఇంకా గుర్తుంది. కాసేపు పక్కనే కూర్చున్నాను. చివరికి చిన్న గొంతుతో, "35 కన్నా 5 చిన్నది కదా టీచర్" అంది. ఒకటో తరగతి నుంచి ఆమె చూసిన సంఖ్యలన్నిటిలోనూ ఎక్కువ అంకెలున్నదే పెద్దది. ఆ నియమం ఇక్కడ పనిచేయదని ఎవరూ చెప్పలేదు.

అబ్బాయిని అడిగాను. "పాయింటు తర్వాత ఒక్క అంకే ఉంటే పెద్ద ముక్కలు, రెండు ఉంటే చిన్న ముక్కలు. పెద్ద ముక్కలున్నదే పెద్దది" అన్నాడు. నూరో వంతు కన్నా పదో వంతు పెద్దదన్న మాట నిజమే. కానీ ముక్కలు ఎన్ని ఉన్నాయో అతను చూడటమే లేదు. అనుమానం వచ్చి 0.35, 0.2 రాశాను. అతను 0.2 పెద్దదన్నాడు. అమ్మాయి 0.35 అంది. ముందురోజు శభాష్ అనిపించుకున్న అబ్బాయి ఇప్పుడు తప్పు, కూర్చోమనిపించుకున్న అమ్మాయి ఇప్పుడు ఒప్పు. ఇద్దరి ఆలోచనలోనూ వెంట్రుకవాసి మార్పు లేదు, నేను మార్చింది ప్రశ్న మాత్రమే.

వరుసకు పది గళ్ల చొప్పున పది వరుసలున్న కాగితాలు ఇద్దరికీ చెరో రెండు ఇచ్చాను. గడి నూరో వంతు, వరుస పదో వంతు. 0.35 కి మూడు వరుసలు, ఇంకో ఐదు గళ్లు నింపారు. పక్కనే మరో కాగితం మీద అమ్మాయి 0.5 మొదలుపెట్టింది. ఐదో వరుసలో ఉండగా పెన్సిలు ఆగింది. "ఇవి యాభై గళ్లవుతాయి టీచర్" అంది, నేనేమీ అనకముందే. అబ్బాయి 0.2 కి రెండు వరుసలు నింపి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టకుండా ఉండటానికి నేను చాలా కష్టపడాల్సి వచ్చింది.

అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో తరగతి గదుల టేపులు విని గమనించింది ఈ నిశ్శబ్దం గురించే. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. పిల్లలు జవాబు చెప్పాక కూడా అంతే, వెంటనే అందుకుంటున్నారు. రెండు చోట్లా 3 సెకన్లు, ఆపైన ఆగితే జవాబులు పెరిగి పెద్దవయ్యాయి, ఎప్పుడూ నోరు మెదపని పిల్లలు కూడా మాట్లాడారు. చదివినప్పుడు 3 సెకన్లు ఒక లెక్కా అనిపించింది. నలభై మంది ముందు నిలబడి ఆగి చూస్తే తెలుస్తుంది అదెంత పొడవో.

ఇప్పుడు పాఠ్య పథకంలో కుడివైపు ఒక గడి గీసుకుంటున్నాను. ప్రతి ప్రశ్నకూ ఏయే తప్పు జవాబులు రావచ్చు, అలా అనిపించడానికి కారణమేమిటి అని ముందుగా రాసుకుంటాను. సగం సార్లు తోచదు. అప్పుడు తోటి ఛాత్రోపాధ్యాయులను అడుగుతాను. మీరు శిక్షణలో ఉంటే ఈ ఒక్క పని చేసి చూడండి, మిగతా సలహాలన్నీ తర్వాత.

నిన్న భిన్నాల సంకలనం. 1/2 కి 1/3 కలిపితే 2/5 అంటారని గడిలో రాసుకుని వెళ్లాను. నిజంగానే ముగ్గురు 2/5 అన్నారు. లవాలు లవాలూ, హారాలు హారాలూ కలిపామని వాళ్లే చెప్పారు. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చిందో చూడమంటే, వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. వెనక బెంచీలోని ఒక అబ్బాయి మాత్రం 1/5 అన్నాడు. అది నా గడిలో లేదు. ఎందుకో అడిగేలోపు గంట కొట్టారు. రేపు ముందు అతని దగ్గరికే వెళ్లాలి.