పీఎఫ్ వద్దంటే 15,000 మొత్తం చేతికిస్తామంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. గోదావరి డెల్టాలో ఒక చిన్న మున్సిపాలిటీలో ఏజెన్సీ కింద పనిచేస్తున్నాను. ప్రభుత్వ అవుట్‌సోర్సింగ్ సంస్థ ఆప్కాస్‌లో లేను. పొద్దున పార్కు పని, తర్వాత ఊరి చివర మురుగునీటి చెరువుల దగ్గర పని. మొదటి రెండేళ్లు ఒక ఏజెన్సీలో, తర్వాత ఆరేళ్లు ఇప్పుడున్న ఏజెన్సీలో చేశాను. జీతం 15,000. కటింగులు పోను 13,087 చేతికొస్తుంది. కౌన్సిల్ ఇప్పుడు పార్కు, చెరువులు రెండూ కొత్త కాంట్రాక్టరుకు ఇస్తోంది. పీఎఫ్, ఈఎస్ఐ వద్దని సంతకం పెడితే 15,000 పూర్తిగా చేతికిస్తానని ఆయన అంటున్నాడు. పాత పీఎఫ్ 2 లక్షలు ఉంది. అది తీసి మా బావమరిది రొయ్యల చెరువులో పెడదామని ఇంట్లో అనుకుంటున్నాం. పాస్‌బుక్‌లో ఏడు నెలల సొమ్ము పడలేదు. పిల్లలిద్దరు, ఏడో తరగతి, నాలుగో తరగతి. ఏం చేయమంటారు?

జవాబు: సంతకం పెట్టకండి. మిగతా విషయాలు తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇది తేల్చుకోవాలి.

కొత్తాయన ఎక్కువ ఇస్తానంటున్న 1,913 రూపాయలు ఎక్కడివో చూడండి. మీ జీతంలో 12 శాతం, అంటే 1,800 పీఎఫ్‌కు, 0.75 శాతం, అంటే 113 ఈఎస్ఐకి పోతున్నాయి. రెండూ కలిపితే సరిగ్గా 1,913. అవి మీవే. మీ పేరున దాచుకుంటున్న డబ్బునే మీ చేతిలో పెట్టి జీతం పెంచానంటున్నాడు. అదే సమయంలో ఆయన తన వైపు నుంచి మీ కోసం కట్టాల్సినవి ఉన్నాయి. పీఎఫ్ వాటా 1,800, పీఎఫ్‌కు అనుబంధంగా ఉండే బీమాకు 75, పరిపాలన ఖర్చు 75, ఈఎస్ఐ వాటా 488. మొత్తం 2,438 రూపాయలు. మీ సంతకంతో నెల నెలా ఆయనకు మిగిలేది ఇదీ. మీలాంటి వాళ్లు పదిమంది సంతకం పెడితే ఏడాదికి 2 లక్షల 92 వేలు దాటుతుంది. మీకు మాత్రం పైసా కూడా పెరగదు.

ఇంకో మాట. ఇప్పటికే పీఎఫ్ సభ్యుడిగా ఉండి 15,000 లోపు జీతం తీసుకునే వ్యక్తి 'నాకు వద్దు' అని తప్పుకునే వీలు చట్టంలో లేదు. అలాంటి కాగితం మీద సంతకం చేసినా అది చెల్లదు. కానీ రేపు మీరు హక్కు అడిగినప్పుడు 'వాడే వద్దన్నాడు' అని చూపించడానికి పనికొస్తుంది. అందుకే అడుగుతున్నారు.

ఇప్పుడు పింఛను సంగతి. యజమాని కట్టే 1,800లో 1,250 పింఛను పథకానికి వెళ్తుంది, మిగతా 550 మీ పీఎఫ్‌లో చేరుతుంది. ఆ పింఛను 58 ఏళ్లకు రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. తొమ్మిదిన్నరేళ్లు నిండితే పదిగా లెక్కిస్తారు. మీకు ఎనిమిదేళ్లు ఉంది. సుమారు ఏడాదిన్నర దూరంలో ఉండి మొత్తం వదిలేసుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. లెక్క సులువే: పింఛను జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 15,000 మీద పదేళ్లకు నెలకు 2,143 వస్తుంది. ఉద్యోగం ఏజెన్సీలు మారుతూనే 58 దాకా సాగిందనుకోండి, 28 ఏళ్లవుతుంది. 20 ఏళ్లు దాటినవారికి అదనంగా రెండేళ్లు కలుపుతారు కాబట్టి 30 ఏళ్ల మీద నెలకు 6,429. ఇది గొప్ప మొత్తమేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ 58 తర్వాత మురుగు చెరువు గట్టు మీద పనిచేయలేని మనిషికి నెల నెలా వచ్చే 6,429 వేరు, రాకపోవడం వేరు.

పైగా మీ తర్వాత మీ ఆవిడకు. ఉద్యోగంలో ఉండగా సభ్యుడు చనిపోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పింఛను వస్తుంది. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా ఇస్తారు. పీఎఫ్ అనుబంధ బీమా గరిష్ఠంగా 7 లక్షలు ఇస్తుంది. మీ జీతం, నిల్వ చూస్తే మీ కుటుంబానికి సుమారు 6 లక్షల దాకా వచ్చే వీలుంది. దీనికి మీరు ఒక్క రూపాయి కట్టడం లేదు, ఆ 75 యజమానిదే.

ఈఎస్ఐ గురించి మీ ఉత్తరంలో పెద్దగా ఏమీ రాయలేదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ అక్కడే. మీరు చేసేది ఆఫీసు పని కాదు. మురుగు చెరువుల్లో గుర్రపుడెక్క లాగడం, అడుగున పేరుకున్న బురద తీయడం, వర్షాకాలంలో డ్రెయిన్ ఎదురు తన్ని గట్లు మునిగినప్పుడు మోటార్ల దగ్గర కాపలా ఇవన్నీ చేస్తుంటారు. కాలికి చిన్న గాయం ఉండి ఆ నీళ్లలో దిగితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు, ముదిరితే కిడ్నీలు దెబ్బతింటాయి. ఈఎస్ఐ ఉంటే మీకూ మీ ఆవిడకూ పిల్లలకూ వైద్యం. ఖర్చుకు పైపరిమితి లేదు. జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. అందుకు చందా కట్టే ఆరు నెలల కాలంలో 78 రోజులైనా పనిచేసి చందా పడి ఉండాలి. పనిలో ప్రమాదం జరిగితే ఆ షరతు కూడా లేదు, చేరిన మొదటి రోజే జరిగినా కోలుకునేదాకా 90 శాతం వస్తుంది. ప్రాణం పోతే కుటుంబానికి నెల నెలా ఇస్తారు. నెలకు 113 రూపాయలు మిగులుతాయని ఇదంతా వదులుకుంటారా?

డబ్బుతో సంబంధం లేకపోయినా ఒకటి చెప్పాలి. చెరువులోకి మురుగు చేరే చోట ఉండే సంపులోకి, మూసి ఉన్న మ్యాన్‌హోల్‌లోకి ఎవరు చెప్పినా దిగొద్దు. అక్కడ పుట్టే వాయువు మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, గాఢత పెరిగాక ముక్కు ఆ వాసనే పట్టలేదు. పోయిందనుకుని దిగినవాళ్లే కూలిపోతారు, కాపాడబోయి దిగినవాళ్లూ పోతారు. మనిషిని అలా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగు కాలువ మరణాలకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ పరిహారం అవసరం మీ ఇంటికి రాకూడదు.

ఇక పాస్‌బుక్‌లో పడని ఏడు నెలలు. జీతంలో కోసి పీఎఫ్ కార్యాలయానికి కట్టకపోవడం తీవ్రమైన తప్పు. అది మీకు రెండు విధాలా నష్టం: సొమ్మూ పోతుంది, పింఛను సర్వీసులోనూ ఆ నెలలు తగ్గుతాయి. మంచి విషయం ఏమిటంటే, కాంట్రాక్టరు కట్టకపోతే అసలు పని చేయించుకుంటున్న మున్సిపాలిటీదే బాధ్యత అని చట్టం చెబుతోంది. ఆ సొమ్మును కాంట్రాక్టరు బిల్లుల్లోంచి పట్టుకునే అధికారం కూడా మున్సిపాలిటీకి ఉంది. కాబట్టి పాత ఏజెన్సీకి చివరి బిల్లు, డిపాజిట్టు ఇచ్చేయక ముందే కమిషనర్ గారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. మీరొక్కరే కాదు, అందరూ కలిసి. ఆ ఏడు నెలల జీతం స్లిప్పులు, పాస్‌బుక్ ప్రింటు జతచేయండి. అర్జీ రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు. అక్కడ కదలిక లేకపోతే పీఎఫ్ వాళ్ల ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ ఉంది, రాజమహేంద్రవరంలో ప్రాంతీయ కార్యాలయం ఉంది. ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్‌కే నికట్' పేరుతో వాళ్లే వచ్చి ఫిర్యాదులు తీసుకుంటారు. చివరి బిల్లు వెళ్లిపోయాక ఇదంతా నాలుగింతలు కష్టమవుతుంది.

పాత ఏజెన్సీ ఉండగానే చేయించుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మన పేర్లతో పెద్ద చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పుట్టిన తేదీ మరోలా ఉంటుంది. ఈ తేడాల వల్లే చాలామంది క్లెయిములు తిరిగొస్తాయి. దిద్దుబాటుకు యజమాని ధ్రువీకరణ అడిగే సందర్భాలు ఉన్నాయి. ఏజెన్సీ మూటాముల్లె సర్దుకున్నాక ఆ సంతకం కోసం ఎక్కడ వెతుకుతారు? మొదటి రెండేళ్ల ఖాతా వేరే సభ్యత్వ సంఖ్యతో అలాగే పడి ఉంటే దాన్ని ఇప్పటి ఖాతాలోకి బదిలీ పెట్టండి. కొత్త ఏజెన్సీలో చేరేటప్పుడు ఇదే యూఏఎన్ (ఏజెన్సీ మారినా మారని మీ పీఎఫ్ నంబరు) ఇవ్వండి, కొత్త నంబరు తీయనివ్వకండి. సర్వీసు తెగకుండా సాగేది ఆ నంబరుతోనే.

మీరు అడగని ఒక సొమ్ము కూడా ఉంది, గ్రాట్యుటీ. పదిమంది, ఆపైన పనివాళ్లున్న సంస్థలో ఐదేళ్లు దాటి పనిచేసి బయటికొచ్చినవారికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. ఏజెన్సీ కార్మికులకూ వర్తిస్తుంది. 15,000ను 26తో భాగించి, 15తో, ఆరేళ్లతో గుణిస్తే 51,923 రూపాయలు. కాంట్రాక్టు ముగిసి వాళ్ల దగ్గర మీ పని ఆగిపోయిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే కార్మికశాఖ అధికారికి ఫిర్యాదు చేయొచ్చు. మొదటి ఏజెన్సీలో రెండేళ్లే కాబట్టి అక్కడ రాదు.

బావమరిది రొయ్యల చెరువు. మీ ఇద్దరి మధ్య మాట చెడకూడదని ఈ సంగతి కాస్త ఆలోచించి రాస్తున్నాను. మన వైపు వనామీ రొయ్యతో ఇళ్లు కట్టినవాళ్లూ ఉన్నారు, అదే చెరువుతో ఇళ్లు అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. ఒక్క రాత్రి కరెంటు పోయి, నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే చాలు. వైట్ స్పాట్ అనే తెగులు తగిలితే పట్టుబడికి ముందే రొయ్యలు చచ్చి తేలిపోతాయి. 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఇక్కడ కౌంటు ధరలు ఎలా పడ్డాయో మీరే చూశారు. ఇందులో ఏదీ మీ బావమరిది చేతిలో లేదు, ఆయన ఎంత కష్టపడినా సరే. ఆ 2 లక్షలు పీఎఫ్‌లోనే ఉంచితే, 2024-25కు ప్రకటించిన 8.25 శాతం వడ్డీనే కొనసాగుతుందనుకుని లెక్కేస్తే, మీకు 58 వచ్చేసరికి తొమ్మిదిన్నర లక్షలు దాటుతుంది. మీ 1,800, యజమాని 550 కలిపి నెల నెలా పడే 2,350 విడిగా 13 లక్షలు దాటుతుంది. వడ్డీ ఏటా మారుతుంది, హామీ కాదు. అయినా ఇంత నిశ్చింతగా పెరిగే చోటు మీకు మరొకటి లేదు. బావమరిదికి సాయం చేయాలనిపిస్తే, పోయినా ఇంట్లో గొడవ రానంత చిన్న మొత్తం, గ్రాట్యుటీ వచ్చాక దానిలోంచి ఇవ్వండి. పీఎఫ్ మాత్రం ముట్టుకోకండి.

13,087తో ఇద్దరు పిల్లల చదువు నడపడం ఎంత కష్టమో తెలుసు. అందుకే మీకు పెద్ద పెద్ద పెట్టుబడులు చెప్పను. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా రెండూ తీసుకోండి, ఒక్కొక్కటి 2 లక్షలు. మే నెలాఖరుకు ఖాతాలో 456 ఉండేలా చూసుకోండి. గ్రాట్యుటీ వస్తే అందులో 40,000 కదలని డబ్బుగా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేయండి. ఏజెన్సీలు మారేటప్పుడు జీతాలు ఆగడం మామూలే, అప్పుడు డ్వాక్రా అప్పు మీద అప్పు చేయకుండా అది ఆదుకుంటుంది.

కౌన్సిల్లో ఉన్నవాళ్లు కూడా ఇది చదివితే బాగుండు. పార్కు అందరికీ కనిపిస్తుంది, గడ్డి ఎండితే మర్నాడే ఫోన్లు వస్తాయి. మురుగు చెరువులు ఎవరికీ కనిపించవు. అక్కడ శుద్ధి సరిగ్గా జరగకపోతే ఆ నీళ్లు డ్రెయిన్‌లో కలిసి కింది ఊళ్ల చేలకూ చేపల చెరువులకూ వెళ్తాయి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు శుద్ధి చేసిన నీటిని పార్కు చెట్లకు వాడుకుంటే తాగునీటి చెరువు మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇదంతా ఆ చెరువుల తీరు తెలిసిన పాత మనుషులు ఉంటేనే సాగుతుంది. టెండరులో మూడు షరతులు రాయండి చాలు: ఉన్న కార్మికులనే కొనసాగించాలి, జీతం బ్యాంకు ఖాతాలోనే వేయాలి, గత నెల పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు కార్మికుల పేర్లతో సహా జతచేస్తేనే ఈ నెల బిల్లు పాసవుతుంది. తక్కువ రేటు వేసినవాడు ఆ తగ్గింపును ఎవరి జీతంలోంచి తెస్తున్నాడో కౌన్సిల్ అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

మీరు కూడా మీ వార్డు కౌన్సిలర్‌ను కలిసి ఈ మూడూ అడగండి. కొత్త టెండరు అంచనాలో యజమాని పీఎఫ్, ఈఎస్ఐ వాటా కలిపారో లేదో సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో చెప్పాలి. కలిపి ఉంటే, ఆ 2,438 మీ పేరు మీద మున్సిపాలిటీ ఇస్తున్న డబ్బన్నమాట.

ఈ వారంలో చేయాల్సింది ముందు పాస్‌బుక్ ప్రింటు, పేరు దిద్దుబాటు, ఈ-నామినేషన్‌లో (పీఎఫ్ వారసుల ఆన్‌లైన్ నమోదు) మీ ఆవిడ పేరు. ఆ తర్వాత కమిషనర్ గారికి అర్జీ. కొత్త కాంట్రాక్టరు కాగితం తెస్తే 'చదివి చెబుతాను' అని ఇంటికి తీసుకెళ్లండి. ఇవ్వనంటే ఫోటో తీసుకోండి.