ముందు కాగితం తడి చూడు

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. వాటర్ కలర్స్ మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. 36 రంగుల సెట్టు కావాలన్నావట. వద్దు తల్లీ, ఆ డబ్బు కాగితానికి పెట్టు. మామూలు డ్రాయింగ్ పుస్తకంలో కాగితం నీళ్లు తగలగానే ఉబ్బి గుంటలు పడుతుంది. రంగంతా అక్కడికే చేరుతుంది. నీకు చేతకావడం లేదని దిగులుపడతావు. 300 జీఎస్‌ఎం కాగితం కొను, అంటే చదరపు మీటరు 300 గ్రాములు తూగే మందపాటిది. పూర్తి కాటన్‌ది దొరికితే మరీ మంచిది. పెద్ద షీటు తెచ్చి ముక్కలు చేసుకుంటే కలిసొస్తుంది.

రంగులు లెమన్ యెల్లో, క్రిమ్సన్, అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు చాలు. కామెల్ కంపెనీ ట్యూబులు, 8 నంబరు రౌండ్ బ్రష్ ఒకటి, రెండు గ్లాసుల నీళ్లు. ఒకటి బ్రష్ కడగడానికి, రెండోది రంగు కలపడానికి.

అసలు నేర్చుకోవాల్సింది కాగితం తడి. రంగు పూశాక కాగితాన్ని కిటికీ వైపు వాల్చి చూడు. తళతళా మెరుస్తుంటే ఇంకో రంగు వెయ్యి, మెత్తగా పాకుతుంది. మబ్బులకు అదే కావాలి. మెరుపు పోయి, తడి మాత్రం మిగిలినప్పుడు బ్రష్ ముట్టుకోకు. అప్పుడు నీళ్లెక్కువున్న బ్రష్ తగిలితే ముందు వేసిన రంగు పక్కకు జరిగి, చుట్టూ చిరుగుల అంచుతో మచ్చ కడుతుంది. కొత్తవాళ్ల బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది ఆ కాసేపట్లోనే, కాస్త సరిచేద్దామని చెయ్యి ఊరుకోక. ఆరిందో లేదో తెలియకపోతే వేళ్ల వెనకవైపు మెల్లగా ఆనించు. చల్లగా ఉంటే ఆరనట్టే. మే నెలలో మన దగ్గర చూస్తుండగానే ఆరిపోతుంది కాబట్టి పొద్దున్నే కూర్చో. వానాకాలంలో ఎంతసేపైనా ఆగాల్సిందే.

తెలుపు కాగితానిదే. తెల్లగా ఉండాల్సిన చోటు ముందే వదిలెయ్. లేత రంగులు ముందు, ముదురువి తర్వాత. ఆరాక రంగు లేతబడుతుంది, అందుకే కలిపేటప్పుడే కొంచెం చిక్కగా కలుపు. గోదావరి మీద వానమబ్బు వెయ్యాలంటే నలుపు అక్కర్లేదు. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కొద్దికొద్దిగా కలుపుతూ పో, ఎంత మంచి బూడిదరంగు వస్తుందో!

సెలవులకు రాజమండ్రి రా. దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్తాను. 1925లో, 28 ఏళ్లు నిండకముందే పోయారాయన. ఆయన నీటిరంగుల బొమ్మల దగ్గర తొందరపడకుండా నిలబడి చూడు. పుస్తకాల్లోని ఫొటోల్లో ఆ రంగులు సగం కూడా కనబడవు.

ఈలోపు నువ్వు వేసినవన్నీ నాకు ఫొటో తీసి పంపు. పాడైన కాగితాలు పారెయ్యకు, వాటి వెనకవైపే మబ్బులు ప్రాక్టీస్ చెయ్యి.

మీ పెద్దమ్మ