తాళంచెవి వాళ్ల చేతికే ఇవ్వు

అమ్మలూ,

పద్దెనిమిది నిండి అనాథ పిల్లల హోం నుంచి బయటికొచ్చే ఆడపిల్లల కోసం ఇల్లు తీసుకున్నామని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. మంచాలు, గిన్నెలు ఎలాగూ సమకూరుతాయి. ముందు కాగితాలు చూడు. ఆధార్, టెన్త్ మెమో, బ్యాంకు పాస్‌బుక్. అమ్మానాన్నల వివరాలే తెలియని పిల్లకు ఒక్కో కాగితానికి నెలలు పడుతుంది. అందుకే హోంలో ఉండగానే, పదిహేడో ఏటే మొదలుపెట్టించు.

హోం వదిలే పిల్లలకు ఆర్థిక సాయం ఇవ్వవచ్చని 2015 బాల న్యాయ చట్టం 46వ సెక్షన్‌లో ఉంది. 21 ఏళ్ల వరకూ, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకూ ఆదుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు దగ్గరుండి పెట్టించు. ఆ డబ్బు ఆలస్యమైనా అద్దె ఆగకుండా మూడు నెలలకు సరిపడా చేతిలో ఉంచుకో. ఒకే ఇంట్లో ఎనిమిది మందిని మించనివ్వకు. మించితే గంట కొట్టి అన్నం పెట్టాల్సి వస్తుంది, అది మళ్లీ హోమే అవుతుంది.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. నేనూ ఇలాంటి ఇల్లే నడిపాను కదా, మొదట్లో జీతం వృథా చేసుకుంటారని పిల్లల ఏటీఎం కార్డులు నా బీరువాలో పెట్టాను. కరెంటు బిల్లు నేనే కట్టాను, గ్యాస్ నేనే బుక్ చేశాను. ఒకమ్మాయి రెండేళ్లు మా దగ్గరుండి, బట్టల షాపులో పని దొరికాక వేరే గదికి వెళ్లింది. మూడో నెలలో, రాత్రి పదకొండింటికి బస్టాండు నుంచి ఫోన్. అద్దె బాకీ ఉందని ఓనరు గదికి తాళం వేసేశాడట. జీతం నెలాఖరు దాకా ఎలా సర్దుకోవాలో ఆ పిల్లకు తెలియలేదు. నేర్పాల్సిన రెండేళ్లూ ఆ పని నేనే చేసేశాను కదా.

నువ్వు మాత్రం మొదటి వారమే ఒక్కొక్కరికీ ఇంటి తాళంచెవి చేయించి ఇవ్వు. ఇన్నేళ్లూ వాళ్లకు బయటి నుంచి తాళం వేసిన వాళ్లే ఉన్నారు. మొదటి జీతం నుంచే అద్దె తీసుకో, ఐదొందలైనా సరే. అది వాళ్ల పేరున దాచి, వెళ్లేటప్పుడు కొత్త గదికి అడ్వాన్స్‌గా ఇచ్చేయి. సరుకులు ఇరవయ్యో తారీఖుకే అయిపోతాయి, నీకు టెన్షన్ వస్తుంది. అయినా పరిగెత్తి బియ్యం తేకు. ఉన్నవాటితో ఏం చేద్దామో వాళ్లనే కూర్చుని తేల్చుకోనివ్వు.

లైటు వేసుకునే పడుకునే పిల్ల ఒకరుంటారు. ఎందుకని అడగకు. ఎప్పుడో ఉల్లిపాయలు తరుగుతూ తనే చెబుతుంది.

వెళ్లిపోయిన వాళ్లకు పండగ రోజులే కష్టం. పక్క గదుల వాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోతారు. సంక్రాంతికి నువ్వే ముందుగా ఫోన్ చేసి పిలువు. ఎంతమంది వస్తారో చెబితే అరిసెలకు పిండి నేను పట్టించి తెస్తాను.

నీ పెద్దమ్మ